ఉలూచి, సర్సీ: దారి తెలిసిన మాయలాడులు

మాయలాడి అన్న మాట మనకు తిట్టు. మగవాణ్ణి వలలో వేసుకొని, అతను పోవలసిన పనిని చెడగొట్టే ఆడది అని దానికి అర్థం. గ్రీకుల ఆడిస్సీలో వచ్చే సర్సీని గురించి కూడా అట్లాగే చెప్తారు. ఆ కావ్యాన్ని ఇంగ్లీషులో చదువుతున్నంతసేపూ నాకు మన ఉలూచే జ్ఞాపకం వచ్చింది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతంలో బతికే మనకు ఉలూచి పరాయిది కాదు. మన పక్కింటి తమిళులు అరవాన్ అనేది ఆమె కొడుకు ఇరావంతుణ్ణే.

ముందు సర్సీ సంగతి చూద్దాం. ఆమె సూర్యుని కూతురు. ట్రాయ్ యుద్ధం ముగించుకొని ఇంటికి పోతున్న ఒడిస్సియస్ ఓడ ఆమె దీవికి చేరుతుంది. ఇల్లు చూసి రమ్మని పంపిన మనుషులకు ఆమె మగ్గం దగ్గర పాడుతూ కనిపిస్తుంది. లోపలికి పిలిచి జున్ను, పిండి, తేనె, ద్రాక్షసారా కలిపి పెడుతుంది, అందులోనే మందు. బెత్తంతో తట్టగానే అందరూ పందులైపోతారు. ఒళ్ళు పందిదే గాని బుద్ధి మాత్రం మనిషిదే! లోపలికి పోకుండా వాకిట్లోనే నిలబడిన ఒక్కడు తప్పించుకొని వచ్చి కబురు చెప్తాడు. ఒడిస్సియస్ బయలుదేరితే దారిలో హెర్మీస్ దేవుడు అతనికి నల్లని వేరు, పాలవంటి పువ్వు ఉన్న మూలిక ఇస్తాడు. దాంతో ఆమె మాయ అతనిమీద పారదు. కత్తి దూసి, కీడు చేయనని ఒట్టు వేయించుకొని తనవాళ్ళను మళ్ళీ మనుషుల్ని చేయించుకుంటాడు.

చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. నన్నడిగితే సర్సీ పని మొదలయ్యేది ఇక్కడే. ఒడిస్సియస్ అక్కడ ఏడాది ఉన్నాడంటే ఆమె కట్టిపడేసి కాదు. ఇంటిమాట గుర్తు చేసింది అతని మనుషులే. పోతానంటే ఆమె అడ్డు పెట్టలేదు, దారి చెప్పింది. మృతుల లోకానికి పోయి గుడ్డి జోస్యుడు టైరీసియస్‌ను అడగమంది. అక్కడినుంచి తిరిగి వచ్చాక, పాటతో ప్రాణాలు తీసే సైరన్ల దగ్గర మనుషుల చెవుల్లో మైనం పెట్టమని, సిల్లా అనే ఆరుతలల భూతం దగ్గర ఆరుగురు పోయినా ఆగవద్దని, సూర్యుడి ఆవుల జోలికి పోవద్దని ఒక్కొక్కటే విడమరచి చెప్పింది. ఆ ఆఖరి మాట వినక ఆవుల్ని కోసుకు తిన్నవాళ్ళంతా సముద్రం పాలయ్యారు, ఒక్క ఒడిస్సియస్ తప్ప.

ఇప్పుడు మన కథకు వద్దాం. తీర్థయాత్రలో ఉన్న అర్జునుడు గంగలో స్నానం చేస్తుంటే నాగకన్య ఉలూచి నీళ్ళలోకి లాక్కుపోతుంది. నేను వ్రతంలో ఉన్నానంటాడతను. ఆ నియమం ద్రౌపది విషయంలోనే గదా, ప్రాణం నిలపడం ధర్మం కాదా అని ఆమె వాదిస్తుంది. గ్రీకు మాయలాడి చేతిలో మందూ బెత్తమూ ఉంటే, మనామె చేతిలో ఉన్నది ధర్మశాస్త్రం! తెల్లవారాక అతన్ని పంపేస్తూ, నీళ్ళలో నీకు ఓటమి ఉండదని వరమిస్తుంది. సర్సీ సముద్రంలో దారి చెప్పింది, ఉలూచి నీటిమీద గెలుపే ఇచ్చింది.

ఈ కథను తెలుగులో ముద్దుగా చెప్పిన చేమకూర వేంకటకవి మనలాగే తమిళ నేలమీది తెలుగువాడు. తంజావూరు రఘునాథనాయకుడి (1600–1634) కొలువులో విజయవిలాసం రాశాడు. ఉలూచి, చిత్రాంగద, సుభద్ర ముగ్గురి పెళ్ళిళ్ళూ అందులో ఉన్నాయి. తాపీ ధర్మారావుగారు దానికి రాసిన హృదయోల్లాస వ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారితే మన భాష ఇక్కడ పరాయిదైనట్టు మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళు ఈ పుస్తకం ఏ ఊళ్ళో పుట్టిందో ఒకసారి చూడాలి.

ఉలూచి అసలు పని అశ్వమేధపర్వంలో ఉంది. యాగాశ్వం వెంట మణిపురం వచ్చిన అర్జునుడికి చిత్రాంగద కొడుకు బభ్రువాహనుడు వినయంగా ఎదురొస్తాడు. యుద్ధం చేయని నువ్వేం క్షత్రియుడివని తండ్రి ఈసడిస్తాడు. అప్పుడు భూమిని చీల్చుకొని వచ్చి, తండ్రితో యుద్ధం చేయమని పిల్లవాణ్ణి పురికొల్పేది ఉలూచే. అర్జునుడు కూలిపోతాడు. చిత్రాంగద ఆమెను నిలదీసి ఏడుస్తుంది. శిఖండిని ముందు పెట్టుకొని భీష్ముణ్ణి పడగొట్టినందుకు అర్జునుడికి వసువుల శాపం ఉందని, కొడుకు చేతిలో పడితేనే అది తీరుతుందని ఉలూచికి తెలుసు. అందుకే సంజీవనమణి సిద్ధంగా పెట్టుకుంది, దానితో అతన్ని లేపుతుంది.

గ్రీకుల్లోనూ ఇటువంటి కథ ఉంది. సర్సీ కొడుకు టెలిగోనస్ ఎవరో తెలియక తండ్రి ఒడిస్సియస్‌ను ఈటెతో చంపుతాడు. ఆ కావ్యం పోయింది, సారాంశం మాత్రమే మిగిలింది. అందులో సర్సీ మిగతావాళ్ళను అమరుల్ని చేస్తుంది గాని ఒడిస్సియస్ లేవడు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వెతకబోను. తండ్రిని లేపిన మణి మాత్రం మన కథలోనే ఉంది.

అయితే ఆ మణి ఉలూచి కన్నకొడుక్కు అక్కరకు రాలేదు. భీష్మపర్వంలో ఇరావంతుడు ఎనిమిదోనాటి యుద్ధంలో రాక్షసుడి చేతిలో చస్తాడు. తమిళంలో తొమ్మిదో శతాబ్దపు పెరుందేవనార్ భారతం నాటికే అది కళబలి అయింది. యుద్ధానికి ముందు కాళికి ఇవ్వడానికి అన్ని లక్షణాలూ ఉన్నవాడు కావాలి. కృష్ణుడూ అర్జునుడూ పనికొస్తారు గాని వాళ్ళు లేకపోతే యుద్ధమే లేదు, కనుక మిగిలింది అరవాన్. పెళ్ళికాకుండా చావనంటే కృష్ణుడే మోహినియై ఒక్క రాత్రికి పెళ్ళాడతాడు. కూవాగంలో చిత్తిరై నెలలో తిరునంగైలు ఆ తాళి కట్టించుకొని, మర్నాడు తెంచుకొని ఏడుస్తారు. మన వైపు ధర్మరాజుల గుళ్ళలో అగ్నిగుండం తొక్కేముందు జరిగే భారతం కూత్తుల్లో కూడా అరవాన్ కథ ఉంటుంది.

ఆ కూత్తు చూడ్డానికి మన పిల్లలూ పోతారు. వాళ్ళకు అరవాన్ తెలుసు, అతని తల్లి పేరడిగితే చెప్పలేరు. మనం ఇంట్లో చెప్పలేదు గనుక! బిడ్డను బలికి ఇచ్చిన తండ్రినే, ఆ తర్వాత ఆమె వచ్చి బతికించింది. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పండి, మాయలాడి అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో పిల్లలే చెప్తారు.

పాండవులు మహాప్రస్థానానికి కదిలినప్పుడు చిత్రాంగద మణిపురానికి పోయింది. ఉలూచి గంగలో దిగి వెళ్ళిపోయింది.