పదకొండేళ్లకే అప్పులపాలు

అమెరికాలో ఇండియానా రాష్ట్రం. పోర్ట్‌లాండ్ అనే చిన్న ఊరు. అది 1993. అక్కడ ఒక ఇంటికి రావాల్సిన ఉత్తరాలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. బిల్లులు చేతికందడం లేదు. ఎవరో ఆ ఇంటి దంపతుల పేరుతో అప్పులు చేస్తున్నారు.

ఇంట్లో ఒక్కతే కూతురు, ఆక్స్టన్. వయసు 11.

పోలీసులకు చెప్పుకున్నా ఫలితం లేకపోయింది. ఇంకొకరి గుర్తింపును దొంగిలించడాన్ని ప్రత్యేక నేరంగా చూపే కేంద్ర చట్టం అమెరికాకు 1998లో గానీ రాలేదు. పోస్టాఫీసులో బాక్సు తీసుకున్నారు. చిరునామా మార్చారు. దొంగ మాత్రం వదల్లేదు. తెలిసినవాళ్ల పనే అయి ఉంటుందన్న అనుమానం మొదలైంది. చుట్టాలతో రాకపోకలు తగ్గాయి. పగలు కూడా కిటికీలకు పరదాలు వేసే ఉండేవి. ఇంటి సంగతులు బయట ఎవరికీ తెలియకూడదన్నది అమ్మ మాట. లెక్కలు, బిల్లులు, బ్యాంకు పనులు అన్నీ ఆమే చూసుకునేది. ఎవరిని చూసినా బెదిరే పిల్లగా పెరిగింది ఆక్స్టన్.

2001. పర్డ్యూ యూనివర్సిటీలో చదువుతూ అద్దెకు ఒక వాటా తీసుకుంది. కరెంటు కనెక్షన్ అడిగితే, అప్పుల చరిత్ర బాగాలేదు, 100 డాలర్లు డిపాజిట్ కట్టాలన్నారు. అప్పటిదాకా ఆమె చేసిన అప్పులేమున్నాయని? క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంది. ఒకటీ రెండూ కాదు, 10 పేజీలొచ్చాయి. ఎన్నడూ చూడని కార్డులు, వసూలు ఏజెన్సీల పేర్లు. 850 దాకా ఉండే క్రెడిట్ స్కోరులో ఆమెది 380. అన్నిటికన్నా పాత ఖాతా 1993 నాటిది. అంటే అయిదో ఆరో చదివే పిల్ల పేరున కార్డు పుట్టింది.

ఇదెలా సాధ్యం? అమెరికాలో పుట్టిన బిడ్డకు సాధారణంగా నెలల్లోనే 9 అంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తుంది. ఆ నంబరు మీద అప్పు ఉండదు, మచ్చ ఉండదు. పిల్ల పెద్దదై ఇల్లో కారో కొనుక్కునేదాకా దాన్ని తీసి చూసేవాళ్లూ ఉండరు. అప్పిచ్చేవాడు దరఖాస్తులో రాసిన వయసునే నమ్మితే చాలు, దొంగకు ఏళ్ల తరబడి అడ్డే లేదు.

ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. అంతటితో ఆగలేదామె. పిల్లల గుర్తింపు చౌర్యాన్నే పరిశోధనాంశంగా ఎంచుకుంది, అధ్యాపకురాలైంది. తెలుసుకున్నవన్నీ అమ్మతో చెప్పుకునేది. ఆ తల్లి అన్నీ వినేది.

2013లో తల్లి క్యాన్సర్‌తో పోయింది. రెండు వారాలకు తండ్రి ఫోన్ చేశాడు. గొంతులో కోపం. తల్లి పెట్టెలోని పాత కాగితాలు సర్దుతుంటే కూతురి పేరున 2001 నాటి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు దొరికిందట. పరిమితి దాటి ఎందుకు వాడావని నిలదీశాడు. ఆ కార్డు తనది కాదని, దొంగ తీసుకున్నదని ఆమెకు తెలుసు. మరి ఆ కాగితం అమ్మ దాచుకున్న పెట్టెలోకి ఎలా వచ్చింది?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంట్లో 20 ఏళ్లు అదే జరిగింది. భర్తను, కూతురిని అప్పుల్లోకి తోసింది ఆ తల్లే. ఆ డబ్బంతా ఏమైందో తండ్రీకూతుళ్లకు పూర్తిగా అంతుపట్టలేదు. అప్పుల మచ్చను ఎలాగో చెరిపేసుకోవచ్చు. తప్పేమీ చేయని చుట్టాలను దొంగలుగా చూస్తూ గడిచిపోయిన ఆ బాల్యాన్ని ఎవరు తిరిగిస్తారు? నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఆక్స్టన్ బెట్జ్-హామిల్టన్ 2019లో ఇదంతా పుస్తకంగా రాసింది.

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. 2018 సెప్టెంబరు నుంచి 16 ఏళ్లలోపు పిల్లల క్రెడిట్ ఫైలును ఉచితంగా స్తంభింపజేసే హక్కు అక్కడి చట్టం మీకిచ్చింది. ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ రిపోర్టు సంస్థలకూ విడివిడిగా రాయాలి. బిడ్డ జనన ధ్రువపత్రం, మీ గుర్తింపు కాగితాల నకళ్లు జతచేయాలి. స్కూలు ఫారంలోనో క్లినిక్ ఫారంలోనో ఆ 9 అంకెలు అడిగితే, ఎందుకు కావాలని తిరిగి అడగండి. పిల్లల పేరున అప్పు తీర్చమని ఉత్తరమొస్తే పొరపాటున వచ్చిందని చింపి పారేయకండి. ఆ రోజే మూడు సంస్థలకూ రాయండి.