ఉప్పు – రక్తపుపోటు – వృద్ధుల భోజనము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములకు సముద్రము దూరము. 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు ఆంగ్లేయుల పరమైన పిమ్మట నైజాము రాజ్యమునకు ఉప్పు పండు తీరమే లేకపోయెను. లంబాడీలు ఎద్దులపై పెరికెలు వేసి ఉప్పును కోస్తా నుండి లోపలి ఊళ్లకు తెచ్చుచుండిరి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైనది. నాడు అంత దూరమునుండి రావలసిన ఉప్పును నేడు వైద్యులు తగ్గింపుమనుచున్నారు. కారణమేమి?

1904లో పారిస్ నగరమున అంబార్, బోజార్ అను వైద్యులు ఉప్పునకును రక్తపుపోటునకును సంబంధము కలదనిరి. ఆ మాటపై వాదములు చాలకాలము సాగినవి. 1944లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున వాల్టర్ కెంప్నర్ తన చికిత్సా ఫలితములను వెల్లడించెను. ఆయన రోగులకు పెట్టినది ముఖ్యముగా ఉప్పులేని అన్నము, పండ్లు, చక్కెర. మంచి మందులు లేని ఆ రోజులలో పలువురికి పోటు తగ్గినది. కాని ఆ చప్పిడి కూడు నెలల తరబడి తినుట దుస్సాధ్యమైనది. దేహము ఒప్పుకొన్నను నాలుక ఒప్పుకొనలేదు.

ఉప్పు బరువులో సుమారు నూటికి 40 పాళ్లు సోడియము. అది ఎక్కువైనపుడు శరీరము నీటిని నిలుపుకొనును. రక్త పరిమాణము పెరిగి పోటు హెచ్చును. పెద్దవారికి దినమునకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచా లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చప్పిడి మెతుకులే శరణ్యము కాదని 2001లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూపినది: కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు గల భోజనములో ఉప్పు తగ్గించినపుడు పోటు బాగుగా దిగినది.

వృద్ధులలో రుచి, వాసన గ్రహించు శక్తి మందగించును. కూర చప్పగా నున్నచో ముసలితల్లి రెండు ముద్దలు తిని లేచును. పోటుకు బదులు నీరసము వచ్చును. ఇందుకు ఉపాయము ఉత్తర తెలంగాణ వంటయింటనే కలదు. పచ్చిపులుసులో చింతపండు పులుపు, కాల్చిన మిరపకాయల ఘాటు, ఉల్లిగడ్డ, వేయించిన నువ్వులపొడి కమ్మదనము కలసి ఉప్పు లోటును కప్పును. పుంటికూర పప్పునకును ఇదే గుణము. వేయించునపుడు క్రొత్త సువాసన పదార్థములు పుట్టును. పులుపును నాలుక హైడ్రోజను అయానుల వలన గుర్తించును. జొన్నరొట్టె పిండిలో ఉప్పే అక్కరలేదు.

ఉప్పును ఒక్కసారి కాక కొన్ని వారములలో క్రమముగా తగ్గించినచో నాలుక అలవాటుపడును. ఊరగాయ, అప్పడము, ఊరమిరపకాయలు పళ్లెమునకు దూరముగా నుండవలెను. పొటాషియము కలిపిన ఉప్పు మూత్రపిండముల జబ్బు గలవారికి ప్రమాదకరము కావచ్చును. వైద్యుని అడిగియే వాడవలెను. పోటు మందును మాత్రము తమంతట తాము మానరాదు.