తిట్టునే పేరుగా
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గల్లీల్లో 'కమీనా' అంటే తిట్టు. 2005లో అమెరికాలో, బోస్టన్ దగ్గర, పాకిస్తానీ మూలాలున్న ముస్లిం కుర్రాళ్లు ఆ తిట్టునే నెత్తికెత్తుకుని 'ద కొమినాస్' అనే పంక్ రాక్ బ్యాండు కట్టారు. వీళ్లనూ వీళ్ల తోటి బ్యాండ్లనూ ఒమర్ మజీద్ 2009లో 'తఖ్వాకోర్' డాక్యుమెంటరీగా తీశాడు. తఖ్వా అంటే దైవభీతి. పేరులోనే కొంటెతనం!

2001 తర్వాత తెల్లవాళ్లకు వీళ్లు అనుమానితులు, మన పెద్దలకు దారితప్పినవాళ్లు. 2007లో షికాగో ముస్లిం మహాసభలో ఆడవాళ్ల బ్యాండు పాడుతుంటే ఆపించి, పోలీసుల చేత బయటికి పంపించారు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' బయటివాళ్లను నిలదీసింది. ఇంటిలోపలి లెక్క మాత్రం తేలలేదు. పంజాబులో కమీన్లంటే ఊరి చాకిరీ కులాలు. దూదేకుల ఇంటికి పిల్లనివ్వని సాయిబులు మన కడప జిల్లాలో ఎంతమంది?