పావు థ్రాటిల్ కోసం

125 సీసీ మోటోక్రాస్ బళ్లకు కంపెనీలు బిగించే కార్బొరేటర్ గొంతు వెడల్పు ఈమధ్య కాలంలో 38 మిల్లీమీటర్లు. దానికి రెండింతలు దాటిన ఇంజినుతో అడవి దారుల్లో తిరిగే షెర్కో, బీటా 300 సీసీ టూ స్ట్రోక్ ఎండ్యూరో బళ్లలో చాలా ఏళ్లు ఉన్నది 36 మిల్లీమీటర్లదే. పెద్ద కార్బొరేటర్ పెడితే చాలు, బండి లేచిపోతుందని నమ్మేవాళ్లకు ఇది తలకిందుల లెక్క. ఆఫ్‌రోడ్ బళ్లకు కార్బొరేటర్ మార్చుకున్నవాళ్ల అరవై ఏళ్ల కథంతా ఆ నమ్మకానికీ, బురదలో బండి నడిపేవాడి అనుభవానికీ మధ్య నడిచిన తగువేనని నా అభిప్రాయం. ఆ తగువులో ఎక్కువసార్లు గెలిచింది బురదే.

కార్బొరేటర్ పెట్రోలును తోయదు. గొంతులోంచి గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింద ఫ్లోట్ గిన్నెలో ఉన్న పెట్రోలు జెట్ రంధ్రం గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. కుళాయి పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు దూరం చిమ్మినట్టే, దారి ఇరుకైతే గాలి జోరు పెరుగుతుంది, పెట్రోలు బాగా లేస్తుంది. 34 మిల్లీమీటర్ల గొంతును 38కి పెంచితే వైశాల్యం 25 శాతం పెరుగుతుంది. పోయే గాలి అంతే అయితే వేగం 20 శాతం తగ్గుతుంది. పెట్రోలును లాగే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది మూడో వంతుకు పైగా పడిపోతుంది. ఇంజిన్ గిర్రున తిరుగుతున్నప్పుడు ఈ నష్టం తెలియదు. నెమ్మదిగా తిరిగేటప్పుడే తెలుస్తుంది.

రోడ్డు రేసు ఆడేవాడు థ్రాటిల్‌ను పూర్తిగా తిప్పి ఉంచుతాడు. చెట్ల వేళ్ల మీదా రాళ్ల మీదా బండి ఎక్కించేవాడి చెయ్యి ఎక్కువసేపు పావు దగ్గరే ఆడుతుంటుంది. అక్కడ పెట్రోలును కొలిచేది మెయిన్ జెట్ కాదు. పైలట్ జెట్, థ్రాటిల్ తిప్పితే గొంతులో పైకి లేచే స్లైడ్ కింది అంచుకు పెట్టిన కోత, ఆ స్లైడ్‌కు వేలాడే సూది, ఈ మూడే. పైగా టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోలుతోనే వస్తుంది. మిశ్రమం పలచబడితే వేడి పెరుగుతుంది, ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. చిక్కబడితే ప్లగ్గు తడిసి ఇంజిన్ ఆగుతుంది, సైలెన్సర్ మూతి నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. ఈ రెండింటి మధ్య సందు బాగా ఇరుకు.

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఐరోపాలో మట్టి రేసులు బరువైన ఫోర్ స్ట్రోక్ బళ్ల రాజ్యం. టూ స్ట్రోక్ అంటే చవక ప్రయాణం. జర్మనీ వాళ్ల డీకేడబ్ల్యూ ఆర్‌టీ125 నమూనా యుద్ధం తర్వాత బ్రిటన్‌లో బీఎస్ఏ బాంటమ్ అయింది, అమెరికాలో హార్లీ 125 అయింది, జపాన్‌లో 1955 నాటి యమహా తొలి బండి వైఏ-1 అయింది. వీటిని ఎవరూ రేసు గుర్రాలనుకోలేదు. ఆ చిన్నచూపు పోవడానికి పదేళ్లు పట్టింది. 1960, 61లో డేవ్ బికర్స్ బ్రిటిష్ గ్రీవ్స్ మీద 250 సీసీ ఐరోపా ఛాంపియన్ అయ్యాడు. 1964లో బెల్జియం కుర్రాడు జోయెల్ రోబేర్ చెకోస్లొవేకియా సీజెడ్ మీద ఆ తరగతి ప్రపంచ టైటిల్ పట్టాడు. 1966లో పాల్ ఫ్రీడ్రిక్స్ మళ్లీ సీజెడ్ మీదే, ఫోర్ స్ట్రోక్‌ల కోట అయిన 500 తరగతిని కూడా గెలిచేశాడు.

ఇంజిన్లు గెలుస్తున్నాయి గానీ వాటికి ఊపిరిచ్చే పరికరాలు పాత కాలానివే. చెక్ బళ్లకు యికోవ్, జర్మన్, స్వీడిష్ బళ్లకు ఎక్కువగా బింగ్, బ్రిటిష్, స్పానిష్ బళ్లకు అమల్. 1927లో మూడు బ్రిటిష్ కార్బొరేటర్ కంపెనీలు కలిసి ఏర్పడ్డ అమల్ దశాబ్దాల పాటు మోటార్‌సైకిల్ లోకానికి కొలమానం. దాని మోనోబ్లాక్ నమూనాలో ఫ్లోట్ గిన్నె పక్కకు ఉండేది. తారు రోడ్డు మీద అది లోపం కాదు. బండి ఏటవాలుగా ఒరిగితే మాత్రం గిన్నెలో మట్టానికీ జెట్ దగ్గర మట్టానికీ తేడా వచ్చేది. 1967లో వచ్చిన కాన్సెంట్రిక్ నమూనాలో గిన్నెను జెట్ కిందికే తెచ్చి, దాని చుట్టూ పెట్రోలు ఉండేలా చేశారు. ఎటు ఒరిగినా జెట్ మునిగే ఉంటుంది. గొంతు ఒక్క మిల్లీమీటరు కూడా పెంచకుండా కొండలెక్కే బళ్లకు చేసిన తొలి పెద్ద మేలు ఇదని నేను లెక్కవేస్తాను.

అయినా అమల్‌తో కష్టాలు పోలేదు. చలిలో స్టార్ట్ చేయాలంటే గిన్నె మీద ఉన్న చిన్న మీటను పెట్రోలు పొంగి వేళ్ల మీద కారేదాకా నొక్కాలి. బాడీ, స్లైడ్ రెండూ మెత్తటి జింక్ మిశ్రమమే. దుమ్ములో ఆ రెండూ ఒరుసుకుని త్వరగా అరిగేవి. సందులోంచి గాలి దూరి ఐడ్లింగ్ నిలబడేది కాదు. బోల్టులు కాస్త గట్టిగా బిగిస్తే ఫ్లాంజ్ వంగేది, అక్కడా గాలే.

ఇక్కడే కథ అమెరికాకు మారుతుంది. స్వీడిష్ హస్క్‌వర్నా బళ్లను దిగుమతి చేసుకునే ఎడిసన్ డై 1966లో ప్రపంచ ఛాంపియన్ టోర్‌స్టెన్ హాల్మన్‌ను అమెరికా రప్పించి ప్రదర్శన పోటీలు పెట్టించాడు. తేలికపాటి టూ స్ట్రోక్ బండి బరువైన బళ్లను ఎలా వెనకేస్తుందో అక్కడి జనం కళ్లారా చూశారు. 1971లో వచ్చిన ఆన్ ఎనీ సండే సినిమాలో స్టీవ్ మెక్వీన్ హస్క్‌వర్నా నడపడంతో ఆ మోజు ఇంటింటికీ చేరింది. ఐరోపా బళ్లు కొన్న అమెరికన్లు మొదట చేసిన పని మాత్రం వాటి కార్బొరేటర్ ఊడబెరికి జపాన్ మికూనీ బిగించడం. దానికి కావలసిన అడాప్టర్లు, రబ్బరు బూట్లు, జెట్లు కలిపి కిట్లుగా అమ్మే దుకాణాలు వెలిశాయి.

1923లో పుట్టిన మికూనీ ఒకప్పుడు అమల్ లైసెన్సు మీదే కార్బొరేటర్లు చేసిన కంపెనీ. గురువు దగ్గర నేర్చుకున్న శిష్యుడు గురువు ఇంటికే వెళ్లి అతని సామాను బయటపెట్టించినట్టయింది. మికూనీ వీఎమ్ నమూనా గొంతు చాలాసార్లు తీసేసిన బింగ్, అమల్ సైజే. అయినా బండి మారిపోయినట్టుండేది. అందులో మాయేమీ లేదు. గట్టి పూత వేసిన స్లైడ్ త్వరగా అరగదు. చలిలో స్టార్టింగుకు వేరే దారి ఉంది, ఒక మీట ఎత్తితే చాలు. జెట్లు, సూదులు, స్లైడ్ కోతలు చిన్న చిన్న అంచెల్లో నంబర్లతో దొరుకుతాయి. పావు థ్రాటిల్ దగ్గర బండి తడబడుతుంటే సూది క్లిప్‌ను ఒక గాడి దించి చూడొచ్చు, స్లైడ్ మార్చి చూడొచ్చు. సరిదిద్దుకునే వీలే ఆ అప్‌గ్రేడ్.

ఈలోగా జపాన్ బళ్లు తామే వచ్చేశాయి. సుజుకీకి 1970లో జోయెల్ రోబేర్ 250 టైటిల్, 1971లో రోజర్ డికోస్టర్ 500 టైటిల్ తెచ్చారు. 1973లో టూ స్ట్రోక్ అంటే ముఖం చిట్లించే హోండా కూడా కేహిన్ కార్బొరేటర్‌తో ఎల్సినోర్ అనే టూ స్ట్రోక్ బండి దించింది. అంతకుముందు ఏడాదే యమహా తన బళ్లకు రీడ్ వాల్వ్ పెట్టడం మొదలుపెట్టింది. ఇది కార్బొరేటర్ కథను మలుపు తిప్పింది. పాత పిస్టన్ పోర్ట్ ఇంజిన్ తక్కువ వేగంలో లోపలికి పీల్చిన మిశ్రమంలో కొంత వెనక్కి ఊదేసేది. అది కార్బొరేటర్ గొంతులోంచి వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చేటప్పుడు ప్రతిసారీ మరికాస్త పెట్రోలు పట్టుకొచ్చేది. అందుకే ఆ ఇంజిన్లు కింద అంత ముద్దగా ఉండేవి. రీడ్ రేకులు ఆ వెనకటి ఊపుకు తలుపు మూశాయి. దాంతో మునుపు భయపడిన సైజు కార్బొరేటర్లు వేసుకునే ధైర్యమొచ్చింది. 34 పోయి 36, అది పోయి 38, అక్కడక్కడా 40.

ధైర్యం అతి కావడానికి ఎంతోసేపు పట్టలేదు. 1973లో గార్డన్ జెన్నింగ్స్ రాసిన టూ స్ట్రోక్ ట్యూనింగ్ పుస్తకం ఆ తరం మెకానిక్కులకు పెద్దబాలశిక్ష. అందులో ఒక సూత్రముంది. ఇంజిన్ పరిమాణాన్ని లీటర్లలో వేసి, గరిష్ఠ శక్తి వచ్చే ఆర్‌పీఎంతో గుణించి, వర్గమూలం తీసి, 0.65కూ 0.9కీ మధ్య ఏదో ఒక అంకెతో గుణిస్తే గొంతు వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుంది. 8,000 ఆర్‌పీఎం దగ్గర గరిష్ఠ శక్తి ఇచ్చే 250 సీసీ ఇంజినుకు ఈ లెక్కన 29 నుంచి 40 దాకా ఏదైనా సరిపోవచ్చు. సూత్రం దారి చూపింది గానీ గమ్యం చెప్పలేదు. చదివినవాళ్లలో చాలామంది పై అంకె దగ్గరే ఆగారు.

ఈ లెక్కను మన వీధుల్లోనూ వేసి చూడొచ్చు. 1985లో మన దేశంలో మొదలైన యమహా ఆర్ఎక్స్100 ఇంజిన్ 98 సీసీ, గరిష్ఠ శక్తి 7,500 ఆర్‌పీఎం దగ్గర. సూత్రం ప్రకారం సుమారు 18 నుంచి 24 మిల్లీమీటర్లు. కంపెనీ ఇచ్చిన మికూనీ 20. మన కుర్రాళ్లు షెడ్డులో దానికి 28 మిల్లీమీటర్ల ఫ్లాట్ స్లైడ్ నకళ్లు బిగిస్తారు. పైన అరుపు మారుతుంది, కింద పికప్ చచ్చిపోతుంది. పోర్టింగు, సైలెన్సరు, రీడ్ వాల్వ్ కూడా మార్చిన రేసు ఇంజినుకైతే అది నప్పొచ్చు. కార్బొరేటర్ ఒక్కటే మార్చినవాడు సిగ్నల్ దగ్గర బండి కదలక పదేపదే రేజ్ చేస్తుంటే పక్కవాళ్లు అది పవరనుకుంటారు.

సైజు పందెం నుంచి బయటపడే దారి 1980లలో స్లైడ్ ఆకారంలో దొరికింది. పాత స్లైడ్ గుండ్రటి డబ్బా. అది పైకి లేచినప్పుడు దాని గాడులూ బోలూ గాలి దారికి అడ్డొచ్చి సుడులు పుట్టిస్తాయి. కేహిన్ పీజేలో దాన్ని కోలగా చేశారు. మికూనీ టీఎమ్, టీఎమ్ఎక్స్‌లలో పలకలా పలచన చేశారు. కేహిన్ పీడబ్ల్యూకేలో ఒక వైపు చదును, మరో వైపు వంపు, అంటే ఇంగ్లిష్ డీ అక్షరం. స్లైడ్ పలచబడిన కొద్దీ గాలి నేరుగా సూది దగ్గరికి చేరుతుంది, కొద్దిగా తెరిచినప్పుడు కూడా దాని వేగం చెదరదు. అలా 38 గొంతు కింద నుంచి 34లా పలికింది. 125 బళ్లు 38 మోయగలిగింది కూడా ఇందుకే. అవి ఎలాగూ 11,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల బతికే ఇంజిన్లు. తర్వాత ఎయిర్ స్ట్రైకర్ పేరుతో పీడబ్ల్యూకే గొంతులో స్లైడ్ కింద రెండు చిన్న రెక్కలు పెట్టి, గాలిని సూది వైపే మళ్లించారు. పాతికేళ్లుగా పాత బళ్ల యజమానులు ఎక్కువగా కొనుక్కునేది దీన్నే.

300 ఎండ్యూరో బండి లెక్క మరొకటి. అది 8,000 దాటకుండానే పని ముగించే ఇంజిన్. సూత్రం దానికి 32 నుంచి 44 దాకా ఇస్తుంది. తయారీదారులు కావాలనే కింది సగంలో 36 దగ్గర ఆగారు. తడి రాయి మీద వెనక చక్రం జారకుండా ఎక్కాలంటే పైన రెండు గుర్రాల బలం వదులుకోవడం నష్టం కాదు. 2017 మోడల్ కేటీఎమ్ 250, 300 ఎండ్యూరో బళ్లకు కంపెనీ 36 కేహిన్ తీసేసి 38 మికూనీ టీఎమ్ఎక్స్ పెట్టినప్పుడు, కొన్నవాళ్లు చాలామంది జెట్టింగ్ కుదరక తంటాలు పడ్డారు. కొందరు పాత 36 వెతికి తెచ్చుకున్నారు. కొత్త బండికి పాత కార్బొరేటర్ వేయడాన్ని అప్‌గ్రేడ్ అని పిలవడంలో వాళ్లకు ఇబ్బందేమీ కలగలేదు.

జెట్ల గొడవే వద్దనుకున్న దారి కూడా ఒకటుంది. 1970లలో అమెరికాలో వచ్చిన లెక్‌ట్రాన్ కార్బొరేటర్‌లో పైలట్ జెట్, మెయిన్ జెట్ విడివిడిగా లేవు. స్లైడ్‌కు వేలాడే ఒక కడ్డీ, దాని వెనక వైపు ఏటవాలుగా చెక్కిన చదును, అంతే. స్లైడ్ ఎంత లేస్తే కడ్డీ పక్కన అంత సందు తెరుచుకుంటుంది. ఒక సర్క్యూట్ నుంచి మరో సర్క్యూట్‌కు మారేటప్పుడు వచ్చే తడబాటు దీనికి లేదు. ఎత్తు మారినా బాగా సర్దుకుంటుందని దాన్ని ఇష్టపడేవాళ్లంటారు. సముద్ర మట్టంతో పోలిస్తే 3,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత నాలుగో వంతు తక్కువ. కొలరాడో కనుమల్లో తిరిగేవాళ్లకు జెట్ల సంచీ మోసుకెళ్లే పని తప్పడం చిన్న సంగతి కాదు. చాలాకాలం మరుగున పడ్డ ఈ పద్ధతి గత దశాబ్దంలో మళ్లీ మొలిచింది. స్మార్ట్‌కార్బ్ అనే మరో కార్బొరేటర్ కూడా అదే దారి పట్టింది. వీటి ధర చూస్తే గుండె గుభేలుమంటుందని కూడా చెప్పాలి.

2017 మేలో కేటీఎమ్ తన 250, 300 ఎండ్యూరో బళ్లకు కార్బొరేటరే లేకుండా చేసింది. టీపీఐ అనే ఆ పద్ధతిలో 39 మిల్లీమీటర్ల డెల్‌ఒర్టో థ్రాటిల్ బాడీలోంచి వెళ్లేది గాలి మాత్రమే. పెట్రోలును రెండు ఇంజెక్టర్లు నేరుగా సిలిండర్ వెనక ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోకి చల్లుతాయి. ఆయిల్‌ను వేరే పంపు కలుపుతుంది. ఐరోపా కాలుష్య నిబంధనల కింద టూ స్ట్రోక్‌ను బతికించడానికి కంపెనీ ఎంచుకున్న దారి ఇది. ఎత్తు మారితే జెట్ మార్చే బాధ పోయింది, మైలేజీ పెరిగింది. కానీ థ్రాటిల్ కొద్దిగా తెరిచిన చోట మిశ్రమం పలచగా ఉందన్న ఫిర్యాదు వెంటనే మొదలైంది. బయటి కంపెనీలు అందుకోసం ఇంజెక్షన్‌ను నడిపే వేరే ఈసీయూలు అమ్మాయి. మరికొందరు ఇంజెక్టర్లు పీకేసి కార్బొరేటర్ బిగించుకునే కిట్లు అమ్మారు. 2023 మోటోక్రాస్ మోడళ్లతో కంపెనీ కూడా పోర్టుల్లో చల్లే పద్ధతి నుంచి పక్కకు జరగడం మొదలుపెట్టింది. కార్బొరేటర్ కూర్చునే చోటే 39 మిల్లీమీటర్ల కేహిన్ థ్రాటిల్ బాడీని, రెండు ఇంజెక్టర్లతో పెట్టింది. మరుసటి ఏడాది ఎండ్యూరో బళ్లూ ఆ దారికే వచ్చాయి.

యమహా ఈ గొడవలోకి దిగలేదు. 2022 మోడల్ వైజెడ్125 మోటోక్రాస్ బండిని పూర్తిగా కొత్తగా చేసినప్పుడు మికూనీ టీఎమ్ఎక్స్ తీసి కేహిన్ పీడబ్ల్యూకే38ఎస్ పెట్టింది. అప్పటికి కేహిన్ అనే కంపెనీ విడిగా లేదు. 2021 జనవరిలో హిటాచీ ఆస్టెమోలో కలిసిపోయింది. ఇన్నాళ్లూ యజమానులు జేబులోంచి తీసి చేయించుకున్న మార్పును ఈసారి ఫ్యాక్టరీయే చేసి పంపింది.