363వ జాతీయ రహదారి (మంచిర్యాల–చంద్రాపూర్ దారి)

363వ జాతీయ రహదారి మంచిర్యాల నుంచి మహారాష్ట్ర సరిహద్దు దాకా సాగే రోడ్డు. తెలంగాణలో దీని పొడవు సుమారు 94.6 కిలోమీటర్లు. సరిహద్దు దాటాక ఈ దారి రాజురా మీదుగా చంద్రాపూర్ చేరుతుంది.

దారి

మంచిర్యాల దగ్గర 63వ జాతీయ రహదారి నుంచి విడివడి మందమర్రి, బెల్లంపల్లి, తాండూరు, రేపల్లెవాడ, రెబ్బెన, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా వెళ్తుంది. మొదటి సగం సింగరేణి బొగ్గు ప్రాంతం, తర్వాతిది ఆదివాసీ గూడేల ప్రాంతం. రెబ్బెన దాకా కాజీపేట–బల్లార్షా రైలుమార్గం రోడ్డుకు దగ్గరగానే ఉంటుంది. అక్కడి నుంచి రైలు కాగజ్‌నగర్ వైపు, రోడ్డు ఆసిఫాబాద్ వైపు తిరుగుతాయి. రెబ్బెన దగ్గరి స్టేషన్ పేరు ‘ఆసిఫాబాద్ రోడ్’. అక్కడ రైలు దిగినవారు ఆసిఫాబాద్ పట్టణానికి దాదాపు 20 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి.

చరిత్ర

1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైలు నడిచే వీలు కలిగింది. ఒకప్పుడు జిల్లా కేంద్రంగా ఉన్న ఆసిఫాబాద్‌కు మాత్రం రోడ్డే దిక్కయింది.

అప్పట్లో ఇప్పటి సరిహద్దు లేదు. రాజురా కూడా నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాజ్యం ఎల్ల ఇంకా ఉత్తరాన, వార్ధా నది దగ్గర. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. 1959లో రాజురాను చాందా (నేటి చంద్రాపూర్) జిల్లాలో కలిపారు. ఒకే జిల్లాలోని ఊళ్ల మధ్య దారి అలా అంతర్రాష్ట్ర రహదారి అయింది. ఆ విభజన చిక్కు పూర్తిగా తీరలేదు. కెరమెరి మండలంలోని పరందోలి, ముకదంగూడ వంటి ఊళ్లు తమవేనని రెండు రాష్ట్రాలూ అంటాయి. అక్కడివారికి రెండు వైపులా ఓటుంది.

విస్తరణ

జాతీయ రహదారి కాకముందు ఇది హైదరాబాద్ నుంచి కరీంనగర్, రామగుండం మీదుగా గోదావరి దాటి వచ్చే రాష్ట్ర రహదారికి కొనసాగింపు. అందుకే నాలుగు వరుసల పనుల టెండర్లలో పాత రోడ్డు లెక్క ప్రకారం మంచిర్యాల 251.9వ కిలోమీటరు, సరిహద్దు 342వ కిలోమీటరు.

పనిని రెండు ముక్కలు చేశారు: మంచిర్యాల–రేపల్లెవాడ 42 కిలోమీటర్లు, రేపల్లెవాడ–సరిహద్దు 52.6 కిలోమీటర్లు. రెండింటినీ హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో అప్పగించారు. ఈ పద్ధతిలో ఖర్చులో 40 శాతం నిర్మాణం జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది; మిగతాది రోడ్డు పూర్తయ్యాక ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది.

ఈ రహదారి నాగపూర్–విజయవాడ ఆర్థిక కారిడార్‌లో భాగం. దీన్ని దక్షిణాన కొనసాగించే 108 కిలోమీటర్ల మంచిర్యాల–వరంగల్ మార్గానికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు.