క్యాబేజీ పులుసు, రొట్టె నీళ్లు, తరవాణి కుండ

రాజమండ్రికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు క్రొవ్విడి లింగరాజు గారు మక్సీం గోర్కీ నవలను ‘అమ్మ’ పేరుతో తెలుగు చేశారు. ఆ పుస్తకం చదివినవాళ్లు ఎక్కువగా పావెల్ గురించో, మే డే ఊరేగింపు గురించో చెబుతారు. నాకు ముందుగా గుర్తొచ్చేది పావెల్ తల్లి నీలవ్నా మోసుకెళ్లిన కూడు. కొడుకు జైల్లో ఉన్నాడు. అతను లోపల ఉండగా కూడా ఫ్యాక్టరీలో కరపత్రాలు కనబడుతూనే ఉంటే, వాటిని తెస్తున్నది అతను కాదని తేలుతుంది. అందుకని ఆవిడ, కార్మికులకు తిండి అమ్ముకునే మార్యా దగ్గర పనికి కుదురుతుంది. పాత్రల్లో క్యాబేజీ సూపు, నూడిల్స్. కాగితాలేమో ఒంటి మీది బట్టల లోపల. కాపలావాళ్లు ఆపి వెతికినా దొరకవు. వేడి వేడి సూపంటూ కేకలేసుకుంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోతుంది.

మా ఇంట్లో క్యాబేజీ అంటే సెనగపప్పు వేసి చేసే కూర. దాన్ని పులియబెట్టి, ఉడికించి, రొట్టె నంజుకుంటూ తాగుతారని తెలియని వయసులో చదివాను ఆ నవల. మా తరంలో గోదావరి జిల్లాల్లో పుస్తకం పట్టిన పిల్లలందరిదీ అదే కథ. విశాలాంధ్ర వాళ్లు అమ్మిన సోవియట్ పుస్తకాల్లో, ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి చేసిన అనువాదాల్లో, సమోవార్లూ నల్లరొట్టెలూ పుట్టగొడుగులూ మాకు బాగా పరిచయం. రుచి ఒక్కటే తెలియదు. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది.

ఇప్పుడు రష్యాకు పుస్తకాల బదులు మన పిల్లలే వెళ్తున్నారు, వైద్యం చదవడానికి. కొందరు వెళ్లేముందు నా దగ్గరకొచ్చి రష్యన్ అక్షరాలు దిద్దుకుంటారు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో సాయంత్రం తరగతులకు వెళ్లి నేను నేర్చుకున్న భాష ఇన్నేళ్లకు ఇలా అక్కరకొస్తోంది. పిల్లలు వ్యాకరణం అడుగుతారు. వాళ్ల తల్లులు అడిగేది ఒక్కటే: “అక్కడేం తింటారండీ, మేడం గారూ?” ఆ ప్రశ్నే సరైన మొదటి పాఠం అనిపించి, నేనూ వంటింట్లోంచే మొదలుపెడతాను.

రష్యా వంటను అర్థం చేసుకోవాలంటే ముందు వాళ్ల పొయ్యి తెలియాలి. ‘పేచ్’ అంటారు. పల్లెటూరి ఇంట్లో గదిలో పెద్ద భాగం ఆక్రమించే ఇటుకల కట్టడం. తెల్లవారుజామునే కట్టెలు పేర్చి మండిస్తారు. మంట ఆరి ఇటుకలు బాగా కాగాక నిప్పులు పక్కకు లాగేసి, పొడుగాటి కర్రకు తగిలించిన ఇనుప కొమ్ములతో కుండల్ని లోపలికి తోసి మూత వేస్తారు. ఇక కలపడం, తిప్పడం ఏమీ లేదు. మెల్లమెల్లగా తగ్గే వేడిలో గంటల తరబడి కుండ అలా మగ్గుతుంది. రాత్రికి ముసలివాళ్లూ పిల్లలూ ఆ పొయ్యి పైనే పడుకుంటారు. పోపు, వేపుడు మన వంటకు ప్రాణం. ఆ పొయ్యిలో పోపు వేయడానికి వీలే లేదు. అందుకే వాళ్ల పాత వంటలన్నీ మగ్గినవీ, కాలినవీ, పులిసినవీ. కారం లేదని, చప్పగా ఉందని మన పిల్లలు మొదటి వారమే ఫోన్ చేసి ఏడుస్తారు. ఆ వంటకు మంట గుణం కాదు, మగ్గు గుణం ఉందని తెలిస్తే నాలుక కాస్త ఓపిక పడుతుందని నా నమ్మకం.

ఆ పొయ్యిలోంచి వచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ‘ష్షీ’, అంటే నీలవ్నా మోసిన క్యాబేజీ సూపు. ఆకురాలు కాలంలో క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు వేసి, పీపాల్లో పులియబెట్టి చలికాలమంతా వాడుకుంటారు. మంచు కింద ఆకు మొలవని నెలల్లో వాళ్లను చిగుళ్ల జబ్బుల నుంచి కాపాడిన పుల్లదనం అదే. రెండోది ‘కాషా’: బక్‌వీటో మరో ధాన్యమో నూక చేసి వండి, వెన్న వేసింది. బంగాళాదుంప లేని రష్యాను ఇవాళ ఎవరూ ఊహించలేరు గానీ, అది అక్కడికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. 1765లో కాథరీన్ రాణి కాలంలో దాన్ని పండించమని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 1840లలో బలవంతంగా వేయించబోతే రైతులు ఊళ్లకు ఊళ్లే తిరగబడ్డారు. మన మిరపకాయా పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే కదా.

ఇక నేను ఎక్కువసేపు చెప్పేది ‘క్వాస్’ గురించి. రై అనే ధాన్యంతో చేసిన నల్లరొట్టె ముక్కల్ని బాగా కాల్చి, వేడినీళ్లు పోసి, చల్లారాక వడగట్టి, కాస్త పులిసిన పిండీ, కొద్దిగా తేనో చక్కెరో, నాలుగు ఎండుద్రాక్షలూ వేసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. పుల్లగా, కొంచెం తీపిగా, నురగ వచ్చే గోధుమరంగు పానీయం అవుతుంది. మత్తు నామమాత్రం, పిల్లలూ తాగుతారు. సోవియట్ రోజుల్లో వేసవి వస్తే వీధి మూలల్లో పసుపురంగు ట్యాంకు బళ్లు పెట్టి గ్లాసుల్లెక్కన అమ్మేవారు. కీర దోస, ముల్లంగి, ఉల్లికాడ, ఉడికించిన గుడ్డు తరిగి, దానిమీద చల్లని క్వాస్ పోసుకుంటే ‘అక్రోష్కా’. ఎండాకాలపు భోజనం.

ఇది చెబుతుంటే నా కళ్లముందు మా అమ్మమ్మగారి తరవాణి కుండ మెదులుతుంది. వంటింటి చల్లని మూలలో, పసుపు రాసి బొట్టు పెట్టిన కుండ. రోజూ వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు అందులో పోసేది. పాతది పూర్తిగా ఖాళీ చేసేది కాదు, పులుపు అందులోంచే అందుకోవాలి. దబ్బాకు తుంచి, వాము, ఉప్పు వేసేది. రాత్రి మిగిలిన అన్నం ఆ తేటలో నానితే, పొద్దున్నే మాకు ఆవకాయ ముక్కతో పెట్టేది. మడికట్టుకోకుండా మమ్మల్ని ఆ కుండ దరిదాపులకు రానిచ్చేది కాదు. వరి పండే నేలలో గంజితో, రై పండే నేలలో రొట్టెతో, రెండుచోట్లా ఇల్లాళ్లు చేసిన పని ఒకటే. తిండిగింజ రవ్వ కూడా పారేయకుండా పులియబెట్టి కడుపు చల్లగా ఉంచడం.

పులుపు వాళ్ల చరిత్రలో ఎంత పాతదో చెప్పడానికి పిల్లలకు ఒక కథ చెబుతాను. పన్నెండో శతాబ్దం మొదట్లో కూర్చిన కీవ్ రాజ్యపు వృత్తాంతంలో ఉంది. 996లో వ్లదీమిర్ రాజు పేదలకు పంచడానికి బళ్ల మీద పంపిన వాటిలో రొట్టెలు, మాంసం, చేపలతో పాటు పీపాల్లో క్వాస్ కూడా ఉంది. మరుసటి ఏడు కీవ్ దగ్గరి బెల్‌గరద్ కోటను పెచెనెగ్‌లనే సంచార తెగవాళ్లు ముట్టడించారు. లోపల తిండి అయిపోయింది. లొంగిపోదామనుకుంటుంటే ఒక ముసలాయన మూడు రోజులు ఆగమన్నాడు. ఇంటింటా మిగిలిన ఓట్స్, గోధుమలు, తవుడు గుప్పెడేసి పోగుచేయించి ఆడవాళ్లచేత ‘కిసెల్’ అనే పుల్లటి జావకు పిండి కలిపించాడు. రెండు బావులు తవ్వించి, ఒకదాంట్లో ఆ పిండి తొట్టె, ఇంకొకదాంట్లో తేనెనీళ్ల తొట్టె దింపించాడు. శత్రువుల దూతల్ని పిలిచి, వాళ్ల ఎదుటే తోడి, వండి, తిని, వాళ్లకూ పెట్టాడు. ఈ నేలే వీళ్లకు అన్నం పెడుతోందని నమ్మి పెచెనెగ్‌లు ముట్టడి ఎత్తేసి పోయారు. అప్పటికి రష్యన్లూ ఉక్రేనియన్లూ అని వేర్వేరు లేరు, ఇద్దరికీ అది ఉమ్మడి కథ. ఇవాళ మాత్రం జాగ్రత్త అవసరం. బీట్‌రూట్ వేసే ‘బోర్ష్’ను రష్యా వంట అనేయకండి. ఉక్రేన్ బోర్ష్ వంట సంప్రదాయాన్ని 2022లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది.

ఇటునుంచి అటు చూసినట్టే అటునుంచి ఇటు చూసినవాడూ ఒకడున్నాడు. త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికీతిన్ 1470 ప్రాంతంలో బహమనీల బీదరులో ఉన్నాడు. వాళ్ల సైన్యం రాజమండ్రి పట్టుకున్నదీ ఆ దశాబ్దంలోనే. నికీతిన్ రాసుకున్న వాటిలో కొబ్బరికాయతో చేసే మద్యం ఉంది, కల్లు ఉంది, గుర్రాలకు పెట్టే సెనగలూ కిచిడీ ఉన్నాయి. జనం కుడిచేత్తోనే తింటారనీ, చెంచా ఎరగరనీ కూడా రాశాడు. మన చెయ్యి చూసి ఆశ్చర్యపోయిన ఆ మనిషి ఊరి వంట చూసి మన పిల్లలు ఆశ్చర్యపోవడం సహజమే.

టీ గురించి రెండు ముక్కలు. 1638లో ఒక మంగోల్ ఖాన్ జారుకు కానుకగా పంపిన ఆకుతో అది రష్యా చేరింది. చైనాతో 1727లో కుదిరిన ఒప్పందం తర్వాత సరిహద్దు ఊరు క్యాఖ్తా మీదుగా చైనా టీ బళ్లకొద్దీ వచ్చింది. ఆ టీకి నీళ్లు మరిగించే సమోవార్లకు తూలా ఊరు పేరుపడింది.

చేప దగ్గర మాత్రం నాకు మనసు ఆగదు. వాళ్ల ‘ఉఖా’ తేట చేపల పులుసు. చింతపండు ఉండదు. మిరియం, బిర్యానీ ఆకు, సోయికూర అంతే. ఒకప్పుడు కాస్పియన్ సముద్రం నుంచి వోల్గాకు ఎదురీది గుడ్లు పెట్టడానికి వెళ్లే స్టర్జన్ చేపలు ఆ దేశపు సంపద. వాటి గుడ్లే కేవియర్. 1961లో పూర్తయిన వోల్గోగ్రాద్ ఆనకట్ట వాటి దారి మూసేసింది. ఆ జాతిలోకెల్లా పెద్దదైన బెలూగా గుడ్లు పెట్టే చోట్లు దాదాపు అన్నీ ఆనకట్టకు అవతలే ఉండిపోయాయి. మన పులస ఎర్రనీరు తగలగానే సముద్రం వదిలి గోదావరికి ఎదురీదుతూ వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. అక్కడి ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లే మన డెల్టాకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ దారి తెగిన చేప సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలి.

1972లో మాస్కోలో తెలుగు–రష్యన్ నిఘంటువు వేశారు. మన భాష నేర్చుకోవడానికి వాళ్లు అంత శ్రమ పడ్డారు. మన పిల్లలు హాస్టల్ గదిలో పచ్చడి సీసాలతో ఆరేళ్లు గడిపి రాకూడదు. క్యాంటీన్ వరసలో నిలబడి అడిగి తినండి. అప్పుడు పక్క బల్ల మీది అమ్మాయి మీ ఇంట్లో ఏం తాగుతారని అడుగుతుంది. తరవాణి గురించి చెప్పాలంటే ముందు మీకు తెలియాలి కదా. దాన్ని పెట్టడం తెలిసిన అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. ఈ వేసవిలోనే వాళ్ల పక్కన కూర్చుని, ఎంత గంజికి ఎన్ని నీళ్లో, ఎన్నాళ్లకు పులుస్తుందో రాసుకుని మరీ విమానం ఎక్కండి.