ఫ్రాన్సు కొండబాటలును సైకిలు యాత్రయు

యాత్ర యనగా మన పూర్వులకు క్షేత్రదర్శనము. అందు గమ్యమే ప్రధానము. మార్గము సహింపవలసిన క్లేశము మాత్రమే. మార్గమే గమ్యమైన యాత్ర యొకటి గడచిన నూటయేబది యేండ్లలో నైరోపాఖండమున వర్ధిల్లినది. ఫ్రాన్సుదేశపు నడిమి కొండలలో, కాంతాల్, లొజేర్, ఆర్దేష్ మొదలగు మండలములలో, సైకిలుపై మెల్లగా సాగిపోవువారు రాజమార్గములను విడిచి సన్నని బాటలనే కోరుదురు. అచట ఒక్కొక్కచో గంటసేపు పోయినను మోటారుబండి యెదురుపడదు. సెలయేటి రొద, ఆవుల మెడగంటల చప్పుడు, గొలుసు తిరుగు సవ్వడి తప్ప వేఱొకటి వినబడదు. ఈ నిశ్శబ్దము ప్రకృతి యిచ్చిన వరమని చూపరులు తలంతురు. మేము దానిని చరిత్ర యిచ్చిన ఫలమందుము. ఆ బాటను వేసిన దెవరు? ఆ బండిని కొండ నెక్కించిన దెవరు? ఆ తీరికను సంపాదించిన దెవరు? ఆ నిశ్శబ్దమునకు వెల నిచ్చిన దెవరు? ఈ నాలుగు ప్రశ్నలను వరుసగా విచారింతము.

మొదట బాట. పూర్వము ఫ్రాన్సులో గొప్ప రస్తాలు వెట్టిచాకిరిచే నేర్పడినవి. 1738లో రాజప్రభుత్వము రైతులచే గూలి లేక పని చేయించు పద్ధతిని దేశమంతట స్థిరపఱచెను. 1776లో మంత్రియైన తుర్గో దానిని రద్దుచేసెను గాని, ఆయన పదవి పోగానే యది మరల దలయెత్తెను. 1787లో గాని తుదముట్టలేదు. ఆ రస్తాలు రాజధానిని రేవులతోడను సరిహద్దులతోడను గలిపినవి. కొండపల్లెలకు వానకాలమున బురదయే మిగిలినది. 1836వ సంవత్సరము మే 21వ తేదీ శాసనము ఈ స్థితిని మార్చెను. ప్రతి గ్రామమును తన బాటలను తానే కాపాడుకొనవలెననియు, అందులకై పన్నుచెల్లించు కుటుంబములలోని దృఢకాయులైన పురుషులు ఏటికి మూడు దినములకు మించకుండ బనిచేయుటయో, దానికి మాఱు రొక్కము చెల్లించుటయో చేయవలెననియు విధించెను. వెట్టినీడ దీనిపై లేకపోలేదు. ధనికుడు రొక్కముతో దప్పించుకొనగా పేదవాడు పార పట్టెను. కాని పూర్వము రాజుగారి బండ్లకొఱకు బాట వేసిన రైతు ఇపుడు తన సంతకు, తన పొలమునకు బోవు బాట వేసికొనెను. బరువుబండ్లు ఎక్కవలసినవి గనుక నీ బాటలు కొండనడుమున మెలికలు తిరుగుచు బోయినవి. నేటి యాత్రికుని చక్రములు దొరలునది ఆ రైతుల చెమటపైననే.

ఇక బండి. 1860 ప్రాంతమున పారిసు నగరమున మిషో యనువాని కర్మశాలలో ముందుచక్రమునకు దొక్కుడుకఱ్ఱ లమర్చిన బండ్లు తయారైనవి. 1885లో ఇంగ్లండున స్టార్లీ చేసిన రోవరు బండి నేటి సైకిలు రూపమును స్థిరపఱచెను. 1888లో డన్‌లప్ గాలిటైరును, 1891లో మిషెలిన్ సోదరులు సులభముగా విప్పి తగిలింపదగిన టైరును దెచ్చిరి. ఐనను ఇది మైదానపు బండియే. గేరు ఒక్కటే గనుక, సమతలమునకు దగినది యెక్కుడున బనికిరాదు. ఎక్కుడునకు దగినది సమతలమున నూరక కాళ్లాడించును.

ఈ చిక్కును విడదీయుటకు జీవితమును ధారపోసినవాడు పోల్ ద వివీ. ఆయన 1853లో జన్మించెను. సెంతెతియెన్ నగరమున పట్టువ్యాపారము చేసి, దానిని విడిచి సైకిళ్ల వ్యాపారమున దిగెను. 1887లో నొక పత్రికను స్థాపించి, వెలోసియో యను కలముపేరుతో నలుబదియేండ్లకు బైగా వ్రాసెను. గేర్లు మార్చు సాధనమును ఆయన యొక్కడే కనిపెట్టెననుట యతిశయోక్తి యగును. పలువురి యంత్రములను దెచ్చి, తన యూరికి సమీపమున 1161 మీటర్ల యెత్తున నున్న రిపబ్లికు కనుమపై స్వయముగా దొక్కి, మంచిచెడ్డలను నిర్భయముగా బ్రకటించుట యాయన సేవ. ఆయన శాకాహారి. ఆకలి కాకమున్నె తినుము, దప్పి కాకమున్నె త్రాగుము, ఆయాసము ముదురువఱకు దొక్కకుము, డంబమునకై తొక్కకుము – ఇట్టివి యాయన బోధించిన నియమముల సారము. మన యుక్తాహారవిహారధర్మము సైకిలెక్కినట్లున్నది గదా!

1902లో ఫ్రెంచి టూరింగు క్లబ్బువారు పిరెనీసు పర్వతములలో 2115 మీటర్ల తూర్మలే కనుమపై బండ్లకు బరీక్ష పెట్టిరి. గేర్లు మార్చు బండిపై మార్త్ హెస్ అను యువతి ఆ పరీక్షలో నిలిచి పూర్తిచేసెను. పందెపు పత్రికాధిపతియైన అన్రీ దెగ్రాంజ్ దీనిని మెచ్చక, గేర్లు నలుబదియైదేండ్లు దాటినవారికే తగునని వ్రాసెను. ఆ వయసునకు సమీపించుచున్న మేము ఈ యనుమతికి గృతజ్ఞులము! 1903లో నాయన స్థాపించిన దేశపర్యటనపు పందెమున 1937 వఱకును గొలుసుమార్చు సాధనమునకు బ్రవేశము లేకపోయెను. శరీరమును బీడించుటయే ఘనత యనువారికిని, శరీరమును సాధనముగా జేసి లోకమును జూడవలెననువారికిని జరిగిన వాద మిది. వెలోసియో విజయమును బూర్తిగా జూడకయే, 1930లో తన యూరి వీథిలో ట్రాము తగిలి మరణించెను.

మూడవది తీరిక. 1890లో పుట్టిన టూరింగు క్లబ్బులో జేరినవారు చాలవఱకు కలిగినవారే. 1910 మొదలుకొని మిషెలిన్ కంపెనీ దేశమునకంతకు వరుసగా పటములు ప్రచురించెను. మోటారుల టైర్ల నమ్మకమునకై పుట్టిన యా పటములే మోటారులులేని బాటలను సైకిలువానికి జూపుట యొక వింత. కాని పటమున్నను సెలవులేని కూలివాడెటు పోగలడు? 1936 జూన్ నెలలో ప్రజాకూటమి ప్రభుత్వము ప్రతి పనివానికిని జీతముతో రెండువారముల సెలవును, వారమునకు నలుబది గంటల పనిని శాసించెను. మంత్రివర్గమున లెయో లగ్రాంజ్ చౌక రైలుటిక్కెట్ల నేర్పాటు చేసెను. ఆ వేసవిలో నెందఱో కార్మికదంపతులు జంటసైకిళ్లపై గుడారము గట్టుకొని బయలుదేఱిరి. సముద్రమును మొదటిసారి చూచినవారు వారిలో గలరు. సమ్మెలుచేసి కార్ఖానాలలో గూర్చుండినవారు సంపాదించి పెట్టిన తీరిక యది.

నాలుగవది నిశ్శబ్దము. లొజేర్ మండలమున 1851లో లక్షానలుబదివేలకు బైగా జనముండిరి. నేడు అందు సగమునకు గొంచె మెక్కువ, సుమారు డెబ్బదియాఱువేలు. పల్లెవారు పారిసునకును, గనులకును, కార్ఖానాలకును దరలిపోయిరి. 1914–1918 యుద్ధము పలుపల్లెల యువకులను బలిగొనెను. మిగిలిన రాకపోకలను మహారస్తాలు లాగికొనెను. 1970లో పారిసునుండి మార్సెయ్ వఱకు మోటారుదారి పూర్తియైనది. తాతలు సంతకు బోవుటకై త్రవ్విన బాట మనుమలు వెడలిపోవుటకు దారియైనది. మనము శాంతి యని మెచ్చుకొనుదానిలో మూతపడిన బడి, చల్లారిన రొట్టెలపొయ్యి గలవు.

అట్లని యాత్రికుడు సిగ్గుపడి యింటనుండవలెనని మా తాత్పర్యము కాదు. సైకిలువాడు బరువు మోయలేడు గనుక రొట్టె పల్లెలోనే కొనును; దూరము పోలేడు గనుక రాత్రి పల్లెలోనే పండును. మోటారువాడు దాటిపోవు గ్రామమున వానికి బని గలదు. అతని రాకచే నొక యంగడి, యొక పూటకూళ్లిల్లు నిలిచినను మేలే. కాని బాట, బండి, తీరిక మూడును ఒకరి శ్రమయో పోరాటమో లేక పుట్టినవి కావు. వీనిలో నేదియు నొక్క తరగతి సొత్తుగా నుండరాదు. ఏ దేశమునందైనను కూలివానికి సెలవు దినమును, నడచువానికి సైకిలువానికి భయములేని బాటయు గలవా యని యడుగుట నాగరికతను గొలుచుటకు మంచి కొలబద్ద. మోటారుల సంఖ్యచే దానిని గొలుచువారు ఆ కొండబాట నొకసారి మెల్లగా నెక్కి చూతురు గాక.